ఒంటి కొలతల నోట్సు: ఛాతీ కంటే ముందు భుజం

షాపులో ఏ కుర్తీ వేసి చూసినా నాకు రెండే రకాలు. ఛాతీ దగ్గర సరిపోతే భుజాలు జారతాయి, భుజాలు సరిపోతే ఛాతీ దగ్గర పట్టేస్తుంది. ఇంట్లో కుట్టుమిషన్ నేర్చుకోవడం మొదలుపెట్టాక, అసలు నా ఒంటి లెక్క ఏమిటో తేల్చుకుని ఆ తర్వాతే కొనడమైనా, కుట్టుకోవడమైనా అని గట్టిగా అనుకున్నాను. ఇప్పటిదాకా జరిగిన పని రాసి పెడుతున్నాను. నాలాంటి ఒంటి తీరు ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఆశ.

జూన్: కొలతలు

ముందు నడుము ఎక్కడుందో తేలాలి. చీర కుచ్చిళ్ళు దోపుకునే చోటు నడుము కాదు, ప్యాంటు ఆగే చోటూ కాదు. సన్నటి ఎలాస్టిక్ ముక్క కట్టుకుని రెండు పక్కలకీ నాలుగైదుసార్లు ఒంగితే అది జరిగి జరిగి ఒకచోట ఆగుతుంది. అదే అసలు నడుము. నాకది బొడ్డుకి దాదాపు రెండంగుళాల పైన ఉంది. ఎలాస్టిక్ విప్పకుండా అలాగే ఉంచుకుని, నిలువు కొలతలన్నీ దాని నుంచే తీశాం. తీశాం అంటున్నానంటే టేపు పట్టింది అమ్మ. ఎవరి కొలతలు వాళ్ళు తీసుకుంటే చేతులు లేస్తాయి, భుజాలు కదులుతాయి, అంకెలు మారిపోతాయి. బట్ట కింద రోజూ ఏ లోదుస్తులు వేసుకుంటామో అవే వేసుకుని కొలవాలి. ఛాతీ కొలతలో దీనివల్లే అంగుళం దాకా తేడా వస్తుంది.

ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. చంకల కిందుగా, వీపు మీదుగా చుట్టిన అప్పర్ చెస్ట్ 33 అంగుళాలు. నిండు చెస్ట్ 36½. నడుము 31, సీటు (పిరుదుల చుట్టుకొలత) 39. వెనక భుజం ఎముక నుంచి ఎముకకి 14. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి ఎలాస్టిక్ దాకా 14. మెడ పక్కన భుజం మొదలు నుంచి టక్స్ పాయింటుకి, అంటే ఛాతీ బాగా ఎత్తుగా ఉన్నచోటికి, 10, ఆ రెండు పాయింట్ల మధ్య 7½. నడుము నుంచి సీటు బాగా నిండుగా ఉన్నచోటికి 8.

ఈ కాగితం తెనాలిలో ఉన్న మా పిన్నికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, చేయి తిరిగిన మనిషి. అంతా విని, "అప్పర్ చెస్టుకీ చెస్టుకీ మూడున్నర తేడా ఉందే అమ్మడూ! ఇంకెప్పుడూ ఛాతీ అంకె చూసి సైజు కొనకు. భుజం చూసి కొను, ముందు భాగం నేను చూసుకుంటా" అంది. నా ఇబ్బంది మొత్తం ఆ మాటలోనే ఉంది.

బజారులో దొరికే, గుడ్డ కత్తిరించడానికి అచ్చుగా వాడే పేపర్ ప్యాటర్న్‌లు చాలావరకు అప్పర్ చెస్ట్‌కీ నిండు చెస్ట్‌కీ రెండంగుళాల తేడా ఉంటుందన్న లెక్క మీద గీస్తారు. నాకున్నది మూడున్నర. నిండు చెస్ట్ 36½ చూసి పెద్ద సైజు తీసుకుంటే ముందు సరిపోతుంది కానీ భుజం, మెడ, చంక, వీపు అన్నీ దాంతోపాటు పెరిగిపోతాయి. నా ఎముకలు మాత్రం 33 అప్పర్ చెస్ట్ మనిషివే. మెడ ముందుకు జారడం, చేతి కుట్టు భుజం దాటి కిందికి రావడం అందుకే.

సైజు అక్షరాలను నమ్ముకోవడం మానేశాను. ఒక కంపెనీ ఎం, ఇంకో కంపెనీ ఎల్‌కి సమానం. మన దేశానికంటూ ఒక ప్రామాణికమైన సైజు చార్టు కోసం నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) 2018లో ఇండియాసైజ్ అనే సర్వే ప్రకటించింది. 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసున్న 25,000 మందిని ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది ప్రణాళిక. ఆ ఆరింటిలో హైదరాబాద్ ఒకటి. ఈ పని ఎంత అవసరమో టేపు పట్టుకున్నాకే నాకు అర్థమైంది. చార్టు ఎంత మంచిదైనా అది ఎక్కువగా చుట్టుకొలతలే చెబుతుంది. నడుము ఎంత పైన ఉందో, భుజం ఎంత వాలుగా ఉందో మనమే చూసుకోవాలి.

జూలై: ఫొటో మీద గీతలు

ఒంటికి పట్టి ఉండే టీషర్టు, లెగ్గింగ్స్ వేసుకుని తలుపు చట్రం పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నాను, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. ఫోన్ నడుము ఎత్తులో ఉండాలి, కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. పై నుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా పడతాయి. ఆ ఫొటోలను ప్రింటు తీసి భుజం, చంక, నడుము, సీటు, మోకాలు దగ్గర స్కేలుతో అడ్డగీతలు గీశాను.

నేను పొట్టిదాన్ని కాబట్టి అన్నీ పొట్టిగానే ఉంటాయని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. గీతలు చూస్తే నా కాళ్ళు ఎత్తుకు తగ్గట్టే ఉన్నాయి, భుజానికీ నడుముకీ మధ్య దూరమే తక్కువ. కుడి భుజం ఎడమదాని కంటే అర అంగుళం కిందికి ఉంది. పక్క నుంచి చూస్తే నడుము దగ్గర వీపు కొంచెం లోపలికి వంగి ఉంది.

రెడీమేడ్ కుర్తీలు వేసుకుంటే వీపు కింద అడ్డంగా పడే మడతలకు కారణం ఇదే. వాటి నడుము ఒంపు నా నడుముకి అంగుళం కిందుగా పడుతోంది. అక్కడికి వచ్చేసరికి నా ఒళ్ళు వెడల్పవడం మొదలవుతుంది. గుడ్డకు చోటు చాలక పైకి పాకి, వీపు గుంటలో చేరి మడతలు పడుతుంది. బిగుతుగా ఉందనుకుని పక్కలు వదులు చేయిస్తే మడతలు అలాగే ఉంటాయి, కుర్తీ మాత్రం సంచిలా తయారవుతుంది. తగ్గించాల్సింది నిలువు, పెంచాల్సింది అడ్డం కాదు.

ఆగస్టు: పాత దుప్పటి మీద ట్రయల్

33 అప్పర్ చెస్ట్‌కి సరిపోయే ప్యాటర్న్ తీసుకున్నాను. వెనక భాగంలో చంక కింద అడ్డగీత గీసి అంగుళం మడిచి టేపు అంటించాను. దానిలో మెడ నుంచి నడుము దాకా పొడవు 15, నాది 14. ముందు భాగంలోనూ అదే ఎత్తులో అంతే మడవాలి, లేకపోతే పక్క కుట్లు కలవవు.

తర్వాత ముందు భాగానికి చోటు పెంచడం. తేడా మూడున్నరలో ప్యాటర్న్‌లో రెండు ముందే ఉంది, కావలసింది ఒకటిన్నర. ముందు భాగం కాగితం సగానికే ఉంటుంది కాబట్టి అందులో ముప్పావు అంగుళం. కింది అంచు నుంచి నిలువుగా టక్స్ పాయింట్ దాకా, అక్కడి నుంచి చంక వైపు కత్తిరించాను. చంక దగ్గర కాగితం తెగిపోకుండా నూలుపోగంత వదిలాను. పక్క టక్కు (ఛాతీ దగ్గర గుడ్డను మడిచి కుట్టే మడత) మధ్య నుంచి పాయింట్ దాకా ఇంకో కత్తిరింపు. ఇప్పుడు పాయింట్ దగ్గర ముప్పావు అంగుళం విడదీస్తే పక్క టక్కు దానంతటదే లోతవుతుంది, ముందు పొడవు కూడా పెరుగుతుంది. మధ్య ముక్క కింద మిగిలిన ఎచ్చుతగ్గును అడ్డంగా కోసి కిందికి జరిపి సమం చేయాలి. ఖాళీల్లో న్యూస్‌పేపర్ అతికించాను. భుజం, మెడ, చంక ఏవీ కదలలేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది అదే.

పాత కాటన్ దుప్పటి మీద కత్తిరించి పెద్ద కుట్లతో కుట్టి వేసుకున్నాను. పక్క కుట్టు నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి తాళంచెవి కట్టి చంక నుంచి వేలాడదీశాను. దారం కుట్టు మీదే పడింది. చేతులెత్తితే కుర్తీ మొత్తం పైకి లేస్తోంది. చంక లోతుగా ఉన్నందుకు అలా జరుగుతుంది. చంక గీతను అర అంగుళం పైకి జరిపితే కదలిక తేలికైంది. చంక కిందికి దింపితే హాయిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. కుడి భుజానికి మాత్రం అర అంగుళం వాలు పెంచాను.

సెప్టెంబరు: అసలు గుడ్డ

నిజాం అంచు మంగళగిరి కాటన్, రెండున్నర మీటర్లు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాను. కాటన్ కుదించుకుపోతే ఇంత లెక్కా దండగ. చెస్ట్ దగ్గర మూడంగుళాలు, సీటు దగ్గర మూడంగుళాలు వదులు ఉంచాను. పక్కల లోపల అంగుళం మార్జిన్. సైడు కట్లు (పక్కన కుట్టకుండా వదిలే చీలికలు) సీటు నిండుగా ఉన్నచోటుకి అర అంగుళం కింద మొదలుపెట్టాను. అంతకంటే పైన మొదలైతే నడిచినప్పుడు కట్లు నోరు తెరుస్తాయి.

పొడవు 37. మోకాలు దాటిన వెంటనే ఆగుతుంది. షాపుల్లో ఎక్కువగా కనిపించే 40 నాకు సరిగ్గా పిక్క లావుగా ఉన్నచోట ఆగి కాళ్ళను పొట్టిగా చూపిస్తుంది. 44 అయితే పిక్క దాటిపోతుంది కాబట్టి అదీ బాగుంటుంది. నాకు మధ్యలోది వద్దు.

కుర్తీ వేసుకుని బండి నడిపాను, కింద కూర్చుని లేచాను, పై అల్మరాలోంచి డబ్బా తీశాను. మెడ కదల్లేదు. వీపు మీద మడత లేదు. ఎంత సంతోషమేసిందో!

షాపులో ఇప్పుడు చూసేవి

భుజం కుట్టు ఎముక మీద పడిందా అన్నది మొదటిది. పడకపోతే అక్కడే వదిలేస్తాను. భుజం, చంక సరిచేయడం అంటే చేతులు విప్పి మళ్ళీ కుట్టడమే. పక్కలు తగ్గించడం, పొడవు మడవడం వీధి చివర టైలరు చేసే పని. ఆ తర్వాత లోపలి మార్జిన్ తిప్పి చూస్తాను. అంగుళం ఉంటే ఛాతీ దగ్గర కాస్త పట్టినా తీసుకోవచ్చు. ట్రయల్ రూములో నిలబడి చూసి వచ్చేయకుండా కూర్చుంటాను, చేతులు ముందుకు చాపుతాను. నడుము ఒంపు గట్టిగా ఉన్నవాటికంటే తిన్నగా దిగే కోత తీసుకుంటున్నాను, ఆ ఒంపు నా నడుము దగ్గర పడటం అరుదు.

ఆది జాకెట్టు పట్టుకెళ్ళి టైలరుకి ఇచ్చే అలవాటు నాకూ ఉంది. ఆ జాకెట్టు బాగా కుదిరినదైతే అంతకంటే మంచి కొలత లేదు. ఇప్పుడు దాంతోపాటు టక్స్ పాయింట్ అంకెలు రెండూ చీటీ మీద రాసి ఇస్తున్నాను. జాకెట్టు ఉతికి ఉతికి సాగినా ఆ అంకెలు తప్పవు.

తర్వాతది ప్యాంటు. స్టూలు మీద నిటారుగా కూర్చుని ఎలాస్టిక్ నుంచి స్టూలు దాకా పక్కగా కొలిస్తే 10 అంగుళాలు వచ్చింది. దానికి అర అంగుళం వదులు కలిపి పాత దుప్పటి మిగిలిన ముక్క మీద వచ్చే వారం కత్తిరిస్తాను.