పదేళ్ళకే దీవి వదిలిన కుర్రాడు

2025 నవంబరు 19, రాత్రి ఒంటిగంట. పొద్దున్నే ఎనిమిదికి ఆఫీసు ఉంది. పక్క గదిలో రూమ్మేట్ పడుకున్నాడని లాప్‌టాప్ సౌండ్ బాగా తగ్గించి, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో జమైకా, కురసావ్ ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. కురసావ్‌కి డ్రా చాలు, ప్రపంచకప్‌కి వెళ్ళిపోతుంది. జమైకా మాత్రం గెలిచి తీరాలి. ఆ రాత్రి జమైకా కొట్టిన బంతి మూడుసార్లు గోల్ ఫ్రేముకి తగిలి వెనక్కి వచ్చింది. మూడోసారి నేను లేచి నిలబడిపోయాను. అంతా అయిపోయిందనుకునే సమయానికి, ఇంజురీ టైమ్‌లో, రిఫరీ జమైకాకి పెనాల్టీ ఇచ్చేశాడు. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నాను. రిఫరీ వెళ్ళి వీడియో చూశాడు, తిరిగొచ్చి పెనాల్టీ లేదన్నాడు. మ్యాచ్ 0-0. గ్రూపులో కురసావ్‌కి 12 పాయింట్లు, జమైకాకి 11.

కురసావ్ లక్షా యాభై ఆరు వేల మంది ఉన్న కరీబియన్ దీవి, నెదర్లాండ్స్ రాజ్యంలో భాగం. 444 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు మా శ్రీకాకుళం పట్టణమంత జనం. పురుషుల ప్రపంచకప్‌కి ఇంత చిన్న దేశం ఇంతవరకూ వెళ్ళలేదు. ఇదివరకు ఆ రికార్డు 2018లో ఆడిన ఐస్‌లాండ్‌ది, వాళ్ళు కూడా మూడు లక్షలకు పైనే ఉంటారు.

నాకు ఆ దీవితో ఏ చుట్టరికమూ లేదు. ఆ జట్టులో ఒక్క ఆటగాడి కోసం చూడడం మొదలుపెట్టాను. తాహిత్ చాంగ్.

2021లో నేను మాస్టర్స్ చేయడానికి బర్మింగ్‌హామ్ వచ్చాను. శని, ఆదివారాలు వేర్‌హౌస్‌లో షిఫ్టులు. అక్టోబరు వచ్చేసరికి రోజురోజుకీ త్వరగా వెలుతురు తగ్గిపోతుంటే గుండెల్లో ఏదో బరువు. క్లాసులో ఒక లోకల్ కుర్రాడు, వాళ్ళ నాన్న రాలేకపోయిన రోజు, ఖాళీగా ఉన్న టికెట్ మీద నన్ను సెయింట్ ఆండ్రూస్‌కి తీసుకెళ్ళాడు. బర్మింగ్‌హామ్ సిటీ మైదానం అది. ఇంగ్లండులో నేను చూసిన మొదటి మ్యాచ్. ఆట సగం అర్థం కాలేదు. కానీ తలనిండా ఉంగరాల జుట్టుతో ఒకతను బంతి అందిన ప్రతిసారీ ఎదుటివాడి మీదికే వెళ్తున్నాడు. రెండుసార్లు దాటాడు, మూడుసార్లు పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్న వెంటనే ఆ బంతి కోసం వెనక్కి పరిగెత్తాడు. "ఎవరతను?" అని అడిగాను. "చాంగ్. మాంచెస్టర్ యునైటెడ్ నుంచి లోన్ మీద వచ్చాడు" అన్నాడు నా ఫ్రెండు. అంటే ఆ క్లబ్బు కొన్నాళ్ళకి అరువిచ్చిందన్నమాట.

ఆ రాత్రి బస్సులో ఫోన్‌లో అతని గురించి చదివాను. 1999 డిసెంబరులో కురసావ్ రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లో పుట్టాడు. పదేళ్ళ వయసులో ఇల్లు వదిలి నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్‌లోని ఫెయనూర్డ్ క్లబ్బు అకాడమీకి వెళ్ళాడు. పదేళ్ళు అన్న దగ్గర ఆగిపోయాను. నన్ను హాస్టల్లో వేసింది కూడా పదేళ్ళకే. అమ్మ ట్రంకు పెట్టెలో అడుగున సున్నుండల డబ్బా పెట్టి, పైన నాలుగు జతల బట్టలు సర్దింది. మొదటి వారం రాత్రుళ్ళు పెట్టె తెరిచి డబ్బా వాసన చూసి మళ్ళీ మూసేసేవాణ్ణి. తినేస్తే అయిపోతుందని భయం. మా హాస్టల్ ఇంటికి మూడు గంటల దూరం. అతనికి మధ్యలో అట్లాంటిక్ సముద్రం. కురసావ్‌లో ఏడాది పొడవునా ఎండ, వెనెజువెలా తీరానికి దగ్గరగా ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది అక్కడి భాష పాపియమెంటు. అలాంటి చోటి నుంచి రాటర్‌డామ్ చలిలోకి. ఆ దీవిలో పిల్లలు ఎక్కువగా కలలు కనేది బేస్‌బాల్ గురించి. అమెరికా లీగుల్లో పేరు తెచ్చుకున్న ఆండ్రూ జోన్స్, కెన్లీ జాన్సెన్ అక్కడి వాళ్ళే.

హాస్టల్లో నన్ను కూడా పీఈటీ మాస్టారు వింగ్‌లోనే ఆడించేవారు, ఎడమకాలు వాటం అని. వింగర్ పని గురించి నాకు తెలిసింది అక్కడే. లైను పక్కన ఒంటరిగా నిలబడి ఉంటావు. పది నిమిషాలు బంతి రాదు. వచ్చినప్పుడు ఎదురుగా ఒకడు, పక్కన సున్నపు గీత, అందరి కళ్ళూ నీ కాళ్ళ మీదే. దాటితే చప్పట్లు, దొరికిపోతే తిట్లు. ఒకసారి దొరికిపోయాక రెండోసారి మళ్ళీ ప్రయత్నించాలంటే చాలా గుండె ఉండాలి. నాకు ఆ గుండె లేదు, వెనక్కి పాస్ ఇచ్చేసేవాణ్ణి. చాంగ్‌ది కూడా ఎడమకాలే. కాకపోతే అతను ఎక్కువగా కుడివైపు నుంచి లోపలికి దూసుకొస్తాడు, బంతి పోయినా మళ్ళీ వస్తాడు.

16 ఏళ్ళకి, 2016లో, మాంచెస్టర్ యునైటెడ్ తీసుకుంది. వచ్చిన కొన్ని నెలలకే మోకాలి లిగమెంటు తెగింది. ఆ వయసులో, ఇంకో కొత్త దేశంలో, నెలల తరబడి ఆటే లేకుండా. తిరిగొచ్చాక 2017-18లో ఆ క్లబ్బు ఉత్తమ యువ ఆటగాడికి ఇచ్చే జిమ్మీ మర్ఫీ అవార్డు గెలిచాడు. 2019 జనవరిలో రీడింగ్ మీద ఎఫ్ఏ కప్‌లో సీనియర్ జట్టు తరఫున మొదటిసారి దిగాడు. ఆ మార్చిలో ప్యారిస్‌లో, అంతకుముందు సొంత మైదానంలో 0-2తో ఓడిన యునైటెడ్ అక్కడి క్లబ్బు పీఎస్‌జీ మీద 3-1తో గెలిచి అందరినీ నోరెళ్ళబెట్టించిన రాత్రి, చివరి పది నిమిషాల్లో మైదానంలో ఉన్నవాళ్ళలో అతనొకడు. పందొమ్మిదేళ్ళు.

ఆ తరవాత మెట్లు కిందికి వెళ్ళాయి. యునైటెడ్‌కి మొత్తం ఆడింది 16 మ్యాచులు. జర్మనీలో వెర్డర్ బ్రెమెన్‌కి లోన్, అక్కడ ఎక్కువ అవకాశం రాలేదు. బెల్జియంలో క్లబ్ బ్రూజ్‌కి లోన్. ఆ తరవాతే బర్మింగ్‌హామ్. ఆ సీజన్‌లో కూడా గాయంతో కొన్ని నెలలు బయట కూర్చున్నాడు. తిరిగొచ్చాక వింగ్ మీదే కాకుండా మిడ్‌ఫీల్డ్ మధ్యలో కూడా ఆడించారు, మారు మాట్లాడకుండా ఆడాడు. 2022 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ అతన్ని పూర్తిగా కొనుక్కుంది.

యూట్యూబ్‌లో "యునైటెడ్‌లో ఫెయిలైన కుర్రాళ్ళు" అంటూ వీడియోలు వస్తుంటాయి, వాటిలో అతని ఫోటో పెడతారు. నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ అకాడమీ మెట్టు దాకా చేరేదే ఎంతమంది? మోకాలి లిగమెంటు తెగాక మళ్ళీ లేచి మూడు దేశాల లీగుల్లో జీతానికి ఆడడం ఫెయిలవడమా?

2023లో లూటన్ టౌన్‌కి వెళ్ళాడు. అప్పుడే ఇంగ్లండులో అన్నిటికన్నా పై లీగు అయిన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కిన క్లబ్బు అది. కెనిల్‌వర్త్ రోడ్ మైదానంలో బయటి జట్టు అభిమానులు ఇళ్ళ వరస మధ్యలోంచి లోపలికి వెళ్తారు. నవంబరు 5న లివర్‌పూల్ అక్కడికి వచ్చింది. 80వ నిమిషంలో లూటన్ కౌంటర్ ఎటాక్‌లో చాంగ్ గోల్ కొట్టాడు. నేను ఆ రోజు వేరే ఫ్రెండ్ ఇంట్లో అందరితో కలిసి టీవీ చూస్తున్నాను. గదిలో మిగతావాళ్ళంతా లివర్‌పూల్ వాళ్ళే, నేనొక్కణ్ణే అరిచాను. 95వ నిమిషంలో లూయిస్ దియాజ్ తలతో కొట్టి 1-1 చేశాడు. దియాజ్ తండ్రి అప్పటికి కొలంబియాలో కిడ్నాపర్ల చేతిలో ఉన్నాడు, అందుకని ఆ గోల్ మీద బాధపడడానికి కూడా మనసొప్పలేదు. మరుసటి మార్చిలో బోర్న్‌మత్ మీద తొమ్మిదో నిమిషంలోనే చాంగ్ గోల్ కొట్టాడు, సగానికి లూటన్ 3-0, చివరికి 4-3తో ఓడిపోయింది. ఆ ఏడాది లూటన్ కింది లీగుకి దిగింది, పై ఏడాది ఇంకో మెట్టు దిగింది. 2025లో చాంగ్ షెఫీల్డ్ యునైటెడ్‌కి మారాడు.

అదే ఏడాది అతను కురసావ్‌కి ఆడడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా నెదర్లాండ్స్ కుర్రాళ్ళ జట్లకి ఆడాడు, అండర్-21 దాకా. సీనియర్ జట్టు పిలుపు రాలేదు. కురసావ్ జట్టులో దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినవాళ్ళు, తల్లిదండ్రుల వైపు నుంచి దీవి వాళ్ళు. అప్పటి కోచ్ డిక్ అడ్వొకాట్ కూడా డచ్చాయనే, కింగ్‌స్టన్ మ్యాచ్‌కి కుటుంబ కారణాల వల్ల రాలేకపోయారు. ఆ జట్టు మొత్తంలో కురసావ్ నేల మీద పుట్టింది చాంగ్ ఒక్కడే. ఈ మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. పదేళ్ళకే అక్కడి నుంచి వెళ్ళిపోయినవాడే ఆ ఊరి పిల్లాడిగా మిగిలాడు.

ఇంకో సంగతి. 2019 జూన్‌లో థాయ్‌లాండ్‌లో కింగ్స్ కప్‌లో ఇదే కురసావ్ మన ఇండియాని 3-1తో ఓడించింది. మనకి సునీల్ ఛెత్రి పెనాల్టీ ఒక్కటే. అప్పట్లో వాట్సాప్‌లో మావాళ్ళు "ఈ దేశం పేరే వినలేదు, వీళ్ళ చేతిలో ఓడిపోయామేంటి" అని రాసుకున్నారు, నేనూ రాశాను. ఇప్పుడు ఆ దేశం మ్యాప్ నా గోడ మీద ఉంది.

డిసెంబరు 5న ప్రపంచకప్ గ్రూపులకి డ్రా తీశారు. కురసావ్ గ్రూపులో జర్మనీ, ఈక్వడార్, ఐవరీ కోస్ట్. మొదటి మ్యాచ్ జూన్ 14న జర్మనీతో, హ్యూస్టన్‌లో. మా అక్కావాళ్ళు పదేళ్ళుగా ఉంటున్నది హ్యూస్టన్‌లోనే. వెంటనే ఫోన్ చేశాను.

"ఏరా, మూడేళ్ళ నుంచి రమ్మంటే సెలవు లేదన్నావు, ఇప్పుడు బంతాట కోసం వస్తానంటావా?" అంది అక్క. కాసేపు తిట్టింది. బావగారు ఫోన్ లాక్కుని టికెట్ల లాటరీ ఎప్పుడో కనుక్కుంటానన్నారు. వీసా అపాయింట్‌మెంట్ ఫిబ్రవరిలో దొరికింది. నిన్న అక్క మళ్ళీ ఫోన్ చేసి, మేనల్లుడికి ఏ జట్టు చొక్కా కొనాలో చెప్పమంది, వాడు జర్మనీది అడుగుతున్నాడట. నీలం రంగుది కొనమన్నాను. వీపు మీద చాంగ్ అని రాయించమన్నాను.