చదును అడుగు పాన్ వెనక ఒక ఆడమనిషి

మా బండి మీద మూకుడు అడుగు గుండ్రంగా ఉంటుంది. బర్నర్ రింగులో కూర్చుని, చుట్టూ మంట పట్టుకుంటేనే నూడిల్స్‌కి ఆ కాలిన వాసన వస్తుంది. దాన్నే ఇంటికి తీసుకెళ్లి ఇండక్షన్ స్టవ్ మీద పెడితే అటూ ఇటూ ఊగుతుంది తప్ప సరిగ్గా వేడెక్కదు. ఇప్పుడు శ్రీకాకుళంలో గిన్నెల షాపుల్లో అడుగు చదునుగా, ఒక పక్క పొడుగు పిడితో పాన్‌లు అమ్ముతున్నారు కదా, అలాంటి దానికి అమెరికాలో పేటెంట్ తీసుకున్నది చైనా నుంచి వెళ్లిన ఒకావిడ. పేరు జాయిస్ చెన్.

ఇది తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ గురించి ఏది దొరికితే అది చదువుతున్నాను. 1917లో బీజింగ్‌లో పుట్టారు. 1949లో దేశం వదిలి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ చేరారు. పిల్లల స్కూల్లో తినుబండారాల అమ్మకం పెడితే ఎగ్ రోల్స్ చేసి ఇచ్చారట, గంటలో అన్నీ అయిపోయాయి. 1958లో సొంత హోటల్ పెట్టారు. అక్కడ మంగళ, బుధవారాలు బేరం తక్కువ. మాకు కార్తీకమాసం ఎలాగో అలాగన్నమాట. ఆ రోజుల్లో బఫే పెట్టి, అమెరికా వాళ్లకి అలవాటైన వంటల పక్కనే అసలైన చైనా వంటలు ఉంచారు. ఒక చెంచా వేసుకుని చూస్తే పోయేదేముంది? అలా జనానికి అలవాటు చేశారు. ఇరవై ఏళ్లు వ్యాపారం చేసినవాళ్లకి కూడా తట్టని ఆలోచన ఇది.

1962లో వంటల పుస్తకం, 1967లో టీవీలో 26 భాగాలు. అమెరికా టీవీలో జూలియా చైల్డ్ అనే ఆవిడ ఫ్రెంచ్ వంటలు చూపించిన సెట్‌లోనే ఈవిడా వండారు.

నా దగ్గర పార్సిల్ కట్టించుకునే ఆడవాళ్లు రోజూ అడిగేది ఒకటే: "ఇంట్లో చేస్తే ముద్దయిపోతందక్కా, ఏటి చెయ్యాలి?" ఇంటి స్టవ్‌కి అంత మంట ఉండదు. నలుగురికి సరిపడా ఒకేసారి పోస్తే పాన్ చల్లారిపోయి, క్యాబేజీ నీళ్లు వదిలి, నూడిల్స్ ఆ నీళ్లలో ఉడుకుతాయి. కొంచెం పలుకు ఉండగానే వార్చి, చన్నీళ్లు పోసి, నూనె రాసి ఆరబెట్టండి. పాన్ పొగలు రానిచ్చి ఒక్కో ప్లేటు చొప్పునే వెయ్యండి. ఇంతే.

వ్యాపారంలో గుండె ధైర్యం అంటే మాత్రం, చైనాలో పుట్టి అమెరికాలో హోటల్ నడిపిన సిసిలియా చియాంగ్‌దే. పన్నెండు మంది పిల్లలున్న కలవారింట్లో పుట్టారు, చిన్నప్పుడు వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్నేహితులు హోటల్ పెడతామంటే వాళ్ల కోసం 10,000 డాలర్ల అడ్వాన్స్ కట్టారు. వాళ్లు తప్పుకున్నారు, డబ్బు వెనక్కి రాలేదు. దాంతో తనే హోటల్ తెరిచేశారు. అక్కడి చైనా వ్యాపారులు మాట్లాడే కాంటనీస్ భాష రాదని సరుకు వేసేవాళ్లు కూడా ముఖం చాటేశారట. అప్పు మీద సరుకు తెచ్చుకునే నాలాంటి వాళ్లకి అదెంత టెన్షనో తెలుస్తుంది. అయినా నిలబడ్డారు. 2020లో, నూరేళ్లు నిండాక పోయారు.

గరిట నా చేతిలో చూసి "బావ లేడేటక్కా?" అని వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉన్నాడు, సిలిండర్ మారుస్తున్నాడు. మంట దగ్గర ఉండేది నేనే. తైవాన్‌లో ఫూ పెయ్-మెయ్ అనే ఆవిడ వంట బాగోలేదని భర్త సణుగుతుంటే, హోటల్ వంటవాళ్లకి డబ్బిచ్చి వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నారు. 1962 నుంచి దశాబ్దాల పాటు టీవీలో నేర్పించారు. 1969లో వచ్చిన ఆవిడ పుస్తకంలో చైనీస్, ఇంగ్లీష్ రెండూ ఉన్నాయి. పరాయి దేశం పోయిన పిల్లలు దాన్ని పెట్టెలో పెట్టుకుని వెళ్లేవారు.

ఈ పని నేర్చుకుందామనుకునే ఆడపిల్లలు ఎవరైనా ఉంటే ఏడు రోడ్ల జంక్షన్ వైపు రండి. సాయంత్రం ఐదింటికి కూరగాయలు తరుగుతూ ఉంటాను, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఏడు దాటితే బేరం మీద ఉంటాను, పక్కన నిలబడి చూడటమే.