పిట్టతో పాటు కొండా కనిపించాలి

వెనకాల ఉన్నదంతా చెరిగిపోతేనే మంచి ప్రకృతి ఫొటో అన్న నమ్మకం ఈమధ్య బాగా పాతుకుపోయింది. కరెంటు తీగ మీద పాలపిట్ట, దాని వెనక ఒకటే పచ్చదనం. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. అది మధురవాడలో తీశారో మహబూబ్‌నగర్‌లో తీశారో చెప్పే ఆనవాలు మాత్రం ఒక్కటీ ఉండదు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఏ జీవినైనా అది బతికే చోటుతో కలిపి చూడమని రోజూ క్లాసులో చెప్పే మనిషిని, కెమెరా పట్టుకోగానే ఆ చోటును చెరిపేయడానికి నాకు మనసొప్పదు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ గురించి, అంటే ఫొటోలో ముందు నుంచి వెనక దాకా ఎంత లోతు స్పష్టంగా రావాలన్నదాని గురించి ఆలోచించిన ప్రతిసారీ నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ ఫొటోలో మా విశాఖ ఎంత కనిపించాలి?

మా మేనకోడలు కొత్తగా కెమెరా కొనుక్కుంది. "అత్తా, ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే అంత మంచి లెన్సంట కదా, మరి నువ్వేటి ఎప్పుడూ ఎనిమిదీ పదకొండూ పెడతావు?" అని అడిగింది. మంచి ప్రశ్నే. ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) లెన్సు లోపలి రంధ్రం, అంటే ఎపర్చర్ వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు. 50 ఎంఎం లెన్సును ఎఫ్/2లో పెడితే రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్/8లో పెడితే ఆరు మిల్లీమీటర్ల చిల్లర. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది, స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది. డబ్బా మీద ఎఫ్/1.8 అని రాసి ఉంటే ఆ లెన్సు అంతవరకూ తెరుచుకోగలదని అర్థం. ఎంత తెరవాలో చెప్పాల్సింది ఎదురుగా ఉన్న దృశ్యమే.

అయితే ఎపర్చర్ ఒక్కటే మార్చి వెనకనున్న కొండను తెచ్చేద్దామంటే కుదరదు. 300 ఎంఎం లెన్సుతో పది మీటర్ల దూరంలోని పిట్టను ఎఫ్/5.6లో తీస్తే, నా దగ్గరున్నలాంటి క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు పాతిక సెంటీమీటర్లు. ఎఫ్/11కి వెళ్తే అది అర మీటరు అవుతుంది, అంతే. వెనక కొండ అంచు తెలుస్తుంది గానీ చెట్లు విడివిడిగా కనిపించవు. లోతు మీద ఎపర్చర్ కంటే ఫోకల్ లెంగ్త్‌కీ దూరానికీ పట్టు ఎక్కువ. చోటు కావాలంటే వైడ్ లెన్సు తగిలించుకుని జీవికి దగ్గరగా వెళ్లాలి. పిట్టలు ఆ అవకాశం ఇవ్వవు, పీతలు ఇస్తాయి.

మంగమారిపేట వైపు తీరంలో తెల్లవారుజామున ఇసుక పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి. అడుగు చప్పుడైతే మాయం. బొరియకు కాస్త దూరంలో బోర్లా పడుకుని కదలకుండా ఉంటే మళ్లీ వాటంతట అవే వస్తాయి. అప్పుడు ఆటోఫోకస్‌ని నమ్ముకోను, అది ఇసుక రేణువుల మీదికి పోతుంది. 18 ఎంఎం, ఎఫ్/11, ఫోకస్‌ని చేత్తో మీటరు దూరంలో పెట్టి వదిలేస్తాను. దాంతో అరవై సెంటీమీటర్ల నుంచి మూడు మీటర్ల దాకా అంతా స్పష్టం. పీత ఆ మేరలో ఎక్కడ తిరిగినా బటన్ నొక్కడమే నా పని. వెనకాల తొట్లకొండ వైపు గుట్టలు కాస్త మెత్తబడి వస్తాయి, కానీ చూసినవాళ్లు పోల్చుకుంటారు. "ఇది మన బీచే కదత్తా" అని మేనకోడలు ఆ ఫొటో చూసి అన్నప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఇక మాన్యువల్ మోడ్, అంటే ఎపర్చర్ ఎంత ఉండాలో, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో, వెలుగుకు సెన్సర్ ఎంత స్పందించాలో (ఐఎస్ఓ) మనమే పెట్టుకోవడం. దీన్ని పెద్ద విద్యలా చూపించి కొత్తవాళ్లను బెదరగొట్టడం నాకు నచ్చదు. మాన్యువల్ ఎందుకు కావాలో ముడసర్లోవ రిజర్వాయరు దగ్గర ఒక్క తెల్ల కొంగను చూస్తే చాలు. కెమెరా మీటరు ఎదురుగా ఉన్నదంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు వెలుగులో ఉందనుకుని లెక్కవేస్తుంది. కొంగ వెనక నల్లటి కొండనీడ ఉంటే, దృశ్యం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, కొంగ రెక్కలు సున్నం ముద్దలా అయిపోతాయి. అదే కొంగ ఎగిరి ఆకాశం ముందుకు వస్తే, ఈసారి వెలుగు తగ్గించి దాన్ని మసిచేస్తుంది. నిజానికి కొంగ మీద పడే ఎండ రెండు చోట్లా ఒకటే. ఎండ మారనప్పుడు మన అంకెలు మాత్రం ఎందుకు మారాలి?

పాతకాలం ఫిల్మ్ కెమెరాల వాళ్ల సూత్రం ఒకటుంది: నడినెత్తి ఎండలో ఎఫ్/16 పెట్టి, ఐఎస్ఓ ఎంతో షట్టర్ స్పీడులో కింది అంకె అంత పెట్టమని. ఐఎస్ఓ 200 అయితే 1/200. దాన్ని ఎఫ్/8కి తెస్తే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపో సగమో అవుతుంది), అంటే 1/800. కొంగ తెల్లనిది కాబట్టి ఇంకో స్టాపు తగ్గించి 1/1600. ఎగిరే రెక్కను ఆపడానికీ ఆ వేగం సరిపోతుంది. ఎఫ్/8 కాబట్టి నీళ్ల మీద తేలే సోలార్ పలకలు కూడా మసకగానైనా గీతలుగా వస్తాయి. కొంతమంది ఆ పలకలు ఫ్రేములో పడకుండా తప్పిస్తారు. నేను కావాలనే పెడతాను, ఆ కొంగ ఇప్పుడు బతుకుతున్న చెరువు అదే మరి.

మబ్బులు పరుగెత్తే శ్రావణంలో మాత్రం పట్టుదలకు పోనవసరం లేదు. ఎపర్చర్, షట్టర్ నేను పెట్టుకుని ఐఎస్ఓని ఆటోకి వదిలేస్తాను. ఇంకొకటి, ఏసీ గదిలోంచి కెమెరాను తిన్నగా మన తేమలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. సంచీ తెరవకుండా అరగంట బయట ఉంచండి.

ఎర్రమట్టి దిబ్బల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. భీమిలి రోడ్డులో ఉన్న ఈ దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఇసుక రేణువులకు పట్టిన ఐరన్ ఆక్సైడ్ పూత వల్ల ఆ ఎరుపు, వాననీళ్లు కోసుకుపోవడం వల్ల ఆ లోయలు. ఇక్కడ ఆటో వైట్ బ్యాలెన్స్ (రంగులను కెమెరాయే సర్దుకునే పద్ధతి) పెట్టారంటే, ఎరుపు ఎక్కువైందని కెమెరా దాన్ని 'సరిచేసి' నేలను గోధుమరంగులోకి దించేస్తుంది. డేలైట్‌లో, అంటే 5200 కెల్విన్ దరిదాపుల్లో స్థిరంగా పెట్టుకోండి. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎక్కడ ఎంత ఉందో చూపే గ్రాఫు) మూడు రంగులూ విడివిడిగా చూడండి. మొత్తం గ్రాఫు బాగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు గీత ఒక్కటే కుడి అంచుకు కొట్టుకుని ఉంటుంది, అప్పుడు మట్టి మీది చారలన్నీ పోయి ఒకటే ఎర్ర మరక మిగులుతుంది. ఎరుపు లోపలికి వచ్చేదాకా షట్టర్ స్పీడు పెంచాలి. పొద్దున్నే సముద్రం వైపు నుంచి ఏటవాలు ఎండ పడినప్పుడు ఒక్కో చార నీడతో సహా లేస్తుంది, ఆ సమయాన్ని పోగొట్టుకోవద్దు. ఇక్కడ 18 ఎంఎం, ఎఫ్/11లో ఫోకస్ ఒకటిన్నర మీటరు దగ్గర పెడితే ముప్పావు మీటరు నుంచి దిగంతం దాకా స్పష్టంగా వస్తుంది. పాదాల ముందున్న వానగీతా వస్తుంది, దూరాన జీడితోటా వస్తుంది. ఎఫ్/22 పెడితే ఇంకా బాగుంటుందనుకుంటారు, చిన్న రంధ్రంలో వెలుగు వంగి ఫొటో అంతా మెత్తబడుతుంది. కాలిబాట వదిలి గట్ల అంచులు మాత్రం ఎక్కకండి, ఎంత గొప్ప ఫ్రేము కనిపించినా సరే. విరిగిన అంచు మళ్లీ అతుక్కోదు.

కంబాలకొండలో తూనీగల కోసం మాక్రో లెన్సు వాడేవాళ్లకు ఒక్క మాట. తూనీగ బొమ్మ సెన్సర్ మీద అసలు సైజులో పడేలా తీస్తే ఎఫ్/8లో దొరికే లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కాస్త వెనక్కి జరిగి మూడో వంతు సైజులో తీయండి, దాదాపు నాలుగు మిల్లీమీటర్లు దొరుకుతుంది. రెక్కలు పరిచిన తలానికి కెమెరా సమాంతరంగా ఉంటే అదే చాలు.

ఈ వేసవిలో మా మేనకోడల్ని తెన్నేటి పార్కు కింది రాళ్లకు తీసుకెళ్తున్నాను. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటు బాగా దిగుతుంది, రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, వాటిలో సముద్ర జీవులు దొరుకుతాయి. నీళ్ల పై మెరుపు పోవాలంటే పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) కావాలి, అది రెండు స్టాపుల దాకా వెలుగు తినేస్తుంది కాబట్టి ఐఎస్ఓ 100 ఉంటే 400కి ఎక్కించాలి. నీళ్లలోకి నిటారుగా చూస్తే లోతు ముప్పావు వంతే కనిపిస్తుంది, లెన్సుకూ అంతే. పన్నెండు సెంటీమీటర్ల గుంట తొమ్మిదిగా కనిపిస్తుంది. 35 ఎంఎం లెన్సుతో అర మీటరు దూరం నుంచి ఎఫ్/11లో స్పష్టంగా వచ్చే లోతు కూడా దాదాపు తొమ్మిదే. నీటి మట్టానికి కాస్త కిందగా ఫోకస్ పెడితే పైన తేలే నాచు నుంచి అడుగున ఉన్న నత్త దాకా మొత్తం గుంట వస్తుంది.