మైనస్ 1 దగ్గర కరిగిన ఐసు: రికార్డు సంతకం కోసం నేను పడిన పాట్లు

విశాఖపట్నంలో నేను చదువుతున్న బి.ఎడ్. కళాశాలలో నా ఫిజికల్ సైన్సు రికార్డుపై నిన్న సాయంత్రం సంతకం పడింది. మిగిలిన ప్రయోగాలన్నీ రెండు రోజుల్లో గడిచిపోగా, ఐసును నీరు మరిగేదాకా వేడిచేసి ఉష్ణోగ్రత నమోదు చేసే ప్రయోగం ఒక్కటే నన్ను పది రోజులు తిప్పింది.

ఐసును గుడ్డలో చుట్టి దంచి బీకరులో వేసి, థర్మామీటర్ బల్బు అడుగుకు తగలకుండా వేలాడదీసి, కలుపుతూ నిమిషానికొకసారి చూశాను. గ్రాము ఐసు నీరు కావడానికే దాదాపు 80 కెలోరీలు కావాలి కనుక, కింద దీపం మండుతున్నా చివరి ముక్క కరిగేవరకు పాదరసం కదలలేదు. ఆ తరువాత పైకి పాకి, నీరు తెర్లగానే మళ్లీ ఆగింది. అయితే మొదట ఆగింది మైనస్ 1 దగ్గర, రెండోసారి ఆగింది 99 దగ్గర. ఉన్నది ఉన్నట్టే రాశాను.

ల్యాబు ఇన్‌ఛార్జి గారు ఆ పేజీని తరగతి మొత్తానికీ ఎత్తి చూపి, "ఏమ్మా, మీ ఇంట్లో ఐసు మైనస్‌లో కరుగుతుందా? సున్నా, వంద వేసి పట్టుకురా" అన్నారు. రేపు పిల్లలకు పాఠం చెప్పవలసిన నాకు తల కొట్టేసినట్టయింది. దీపమే వెలిగించకుండా సున్నా, వంద వేసుకొచ్చిన వాళ్లకు ఆ రోజే సంతకాలు అయ్యాయి. అది తప్పని నేను గట్టిగా అంటాను.

ఆ రాత్రంతా కారణం వెతికాను. అరకు లాంటి ఎత్తైన చోట నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది గానీ, మా కళాశాల నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరమే. పైగా ఎత్తు వల్ల ఐసు కరిగే ఉష్ణోగ్రత ఇంత మారదు. ఐసులో ఉప్పు ఉంటే కరిగే స్థానం తగ్గుతుంది, కానీ మరిగే స్థానం పెరగాలి. ఇక్కడ రెండూ ఒకే డిగ్రీ తగ్గాయంటే థర్మామీటర్ గీతలే జరిగి ఉండాలి.

మర్నాడు అదే బీకరులో రెండు థర్మామీటర్లు ఉంచి ఆయన కళ్లెదుటే చేశాను. ఐసులో ఒకటి సున్నా, నాది మైనస్ 1. మరిగే నీటిలో ఒకటి 100, నాది 99. ఆయన మాట్లాడలేదు, సంతకమూ పెట్టలేదు. దాని కోసం ఇంకో వారం తిరిగాను. ఈ ప్రయోగం చేయబోయేవారు ముందుగా థర్మామీటర్‌ను దంచిన ఐసులో అయిదు నిమిషాలు ఉంచి చూసుకోవాలి. ఇన్‌ఛార్జి దగ్గరకు మాత్రం ఒక్క థర్మామీటర్‌తో వెళ్లకండి.

నా గ్రాఫులో ఐసు కరగడానికి 8 నిమిషాలు, ఆ నీరు మరగడానికి 11 నిమిషాలు పట్టాయి. గ్రాముకు 80 కెలోరీలు 8 నిమిషాల్లో అందాయి కనుక, సున్నా నుంచి వందకు డిగ్రీకొకటి చొప్పున కావలసిన 100 కెలోరీలకు లెక్క ప్రకారం 10 చాలు. ఆ ఎక్కువ నిమిషం బీకరు నుంచి గాలిలోకి పోయిన వేడిది. ఆ థర్మామీటర్ ఇంకా అదే సొరుగులో ఉంది. "ఒక డిగ్రీ కలపాలి" అని చీటీ రాసి దాని డబ్బాకు అంటించి వచ్చాను.