జరంత ఉప్పు

హైదరాబాదులో పెరిగిన నాకు 'జర' అనే మాట ఎప్పుడు అబ్బిందో గుర్తు లేదు కాని, అమెరికాలో పుట్టిన మా పిల్లలకు దానిని పనిగట్టుకొని నేర్పవలసి వచ్చింది. అరబ్బీలో రేణువును 'జర్రా' అంటారు. అది ఉర్దూలో 'జరా' అయి, రెండు భాషలూ ఒకే గల్లీలో వినిపించే ఈ నగరంలో తెలుగువారి నోట 'జర'గా, 'జరంత'గా స్థిరపడింది. "పప్పుల జరంత ఉప్పెయ్యి" అన్నప్పుడు అది కొలత. సిటీ బస్సులో "జర జరుగుండ్రి" అన్నప్పుడు మాత్రం అందులో పరిమాణమేమీ ఉండదు, ఆజ్ఞను అభ్యర్థనగా మార్చే మర్యాద ఉంటుంది.

నేను పట్టుబట్టి నేర్పినది ఈ రెండో వాడుకనే. వారాంతపు తరగతిలో తెలుగు నేర్చిన పిల్లలు "తలుపు తీయండి", "నీళ్ళు ఇవ్వండి" అని తప్పు లేకుండానే అంటారు కాని, ఇంగ్లీషులో అడుగడుగునా 'ప్లీజ్' చేర్చే వారికి ఆ స్థానంలో తెలుగులో ఏమి పెట్టాలో తెలియదు. 'దయచేసి' ప్రకటనలకు తగిన మాటే తప్ప వంటింటి మాట కాదు. మలక్‌పేటలో మా అమ్మాయి "అమ్మమ్మా, జర నీళ్ళియ్యవా" అని అడగడం విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఆమె పద్యం అప్పజెప్పినప్పుడు కూడా కలగలేదు.

కొలత సంగతి మా అబ్బాయిది. అమెరికాలో రవ్వంత అనే అర్థంలో వాడే 'స్మిడ్జెన్' అన్నదీ నోటిమాటే అయినా, ఆ పేరుతో చెంచా కూడా అమ్ముతారు. సాధారణంగా అది టీస్పూనులో 1/32 వంతు. జరంత అంటే ఎన్నో వంతని వాడు అడిగితే, మా అమ్మ "చేతికే ఎరుకైతది బిడ్డా" అన్నది. నిజానికి మన వీసం కూడా ఒకప్పుడు కచ్చితంగా 1/16 వంతే. ఇప్పుడు 'వీసమెత్తు', 'ఇసుమంత' ఎక్కువగా లేదనడానికే మిగిలాయి కనుక, వీసమెత్తు ఉప్పు వెయ్యమని ఎవరూ అనరు. నూనె అయితే చుక్క, బెల్లం అయితే పిసరు, పసుపు అయితే చిటికెడు. జరంత మాత్రం అన్నిటికీ, చివరకు "జరంత సేపు" అంటూ కాలానికీ సరిపోతుంది.

అది ఉర్దూ మాట, పిల్లలకు ఎందుకని మా బంధువులలో కొందరు అంటారు. తరతరాలుగా మన వంటింట్లో ఉన్న మాటను పరాయిదని నేను ఒప్పుకోను. మా వారిది రాజమండ్రి. అక్కడ నానమ్మ దగ్గర పిల్లలు "కూసింత" అంటారు, ఇక్కడ అమ్మమ్మ దగ్గర "జరంత" అంటారు, నేను రెండింటినీ దిద్దను.