వెనక వైపు తిప్పి చూడండి

నేను డెంటల్ ల్యాబులో పని చేస్తాను. నారాయణగూడలో ఒక సందులో మా ల్యాబు. డాక్టర్లు పంపిన పళ్ల అచ్చుల మీద మైనంతో క్యాపు మలచడం, మైనం కరిగిపోయాక ఆ ఖాళీలోకి లోహం పోయడం, చల్లారాక గీకి మెరుగు పెట్టడం, రోజూ ఇదే పని. ఆ అలవాటు వల్ల ఏ లోహపు వస్తువు చేతికొచ్చినా ముందు వెనక వైపు తిప్పి చూస్తాను. ముందు భాగం నలుగురూ చూడ్డానికి చేసింది. చేసినవాడి చెయ్యి వెనకే తెలుస్తుంది.

ఇంగ్లండ్ పొలాల్లో దొరికే ఆంగ్లో-సాక్సన్ (వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు జనం), వైకింగ్ (డెన్మార్క్, నార్వే, స్వీడన్ల నుంచి, అంటే స్కాండినేవియా నుంచి, ఓడల్లో వచ్చినవాళ్లు) కాలపు బ్రోచ్‌లు (బట్టకు గుచ్చుకునే పిన్ను నగలు), బెల్టు కొసలకు తొడిగే బిళ్లలు, బట్టకు తగిలించే చిన్న కొక్కేలు నేను సేకరిస్తుంటాను. అన్నీ రాగి కలిసిన లోహంవే. బంగారం, వెండి వస్తువులు నాలాంటివాళ్ల దాకా వచ్చేది తక్కువ, అలా ఉండటమే మంచిది. అక్కడి ట్రెజర్ చట్టం (1996) ప్రకారం 300 ఏళ్లు దాటిన వస్తువులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉంటే, దొరికినవాళ్లు 14 రోజుల్లో కరోనర్‌కు (ఇలాంటివి విచారించే అక్కడి అధికారికి) చెప్పి తీరాలి. కొనుక్కునే మొదటి అవకాశం మ్యూజియంలది. మామూలు జనం ఒంటి మీద పెట్టుకున్న రాగి సామాను మాత్రం చాలావరకు దొరికినవాళ్లకే తిరిగి వస్తుంది. సరైన కాగితాలతో వచ్చే అలాంటివే నేను కొంటాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పదో శతాబ్దపు గుండ్రటి బ్రోచ్ ఒకటి, తూర్పు ఇంగ్లండులోని నార్ఫోక్‌ది. పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. ముందు వైపు నాలుగు ఉచ్చులు ఒకదాంట్లోంచి ఒకటి దూరి అల్లుకున్న ముడి ఉంది. వాటి మధ్యలో, పక్కలు లోపలికి వంగిన చతురస్రం. ఇది స్కాండినేవియా నుంచి వచ్చిన, బోరె అని పిలిచే అలంకరణ శైలి. ఇంత చిన్న బిళ్ల మీద ఆ అల్లిక ఎక్కడా తెగకుండా పోత దిగాలంటే అచ్చు ఎంత శుభ్రంగా ఉండాలో రోజూ పోత పోసే నాకు తెలుసు. లెన్సు పెట్టి చూస్తే ఒక ఉచ్చు దగ్గర లోహం సరిగ్గా పారక చిన్న గుంట పడింది. మా ల్యాబులోనూ అలాంటి గుంటలు పడుతుంటాయి.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. పిన్ను పట్టుకోవడానికి ఒకే ఒక్క చెవి, ఎదురుగా కొక్కెం, బిళ్లంతా బల్లపరుపు. స్కాండినేవియాలో చేసిన గుండ్రటి బ్రోచ్‌లు మామూలుగా ఇలా ఉండవు. అవి కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. పిన్నుకు జంట చెవులుంటాయి, అంచున గొలుసు తగిలించుకోవడానికి ఇంకో రింగు కూడా ఉంటుంది. ఒంటి చెవితో, చదునుగా చేయడం ఇంగ్లండు వాళ్ల పద్ధతి. అంటే ముందు వైపు ముడి డేన్‌ల (డెన్మార్క్ నుంచి వచ్చిన వైకింగుల) రుచి, వెనక పనితనం స్థానికం. ఇద్దరూ ఒకే ఊళ్లో కలిసి బతికారని ఈ ఒక్క బిళ్ల చెబుతోంది.

ఇది నా ఊహ కాదు. ఇంగ్లండుకు వైకింగ్ మగవాళ్లే వచ్చారా, ఆడవాళ్లు కూడా వచ్చి స్థిరపడ్డారా అనే చర్చ చాలాకాలం నడిచింది. సమాధుల్లో ఆడవాళ్ల నగలు దొరికింది చాలా తక్కువ. ఆ తర్వాత మెటల్ డిటెక్టర్లు పట్టుకున్నవాళ్లు పొలాల్లోంచి విరిగినవీ, అరిగినవీ తీసి చూపించడం మొదలుపెట్టారు. జేన్ కెర్షా అనే పరిశోధకురాలు వాటిని ఒకచోట చేర్చి చూస్తే, స్కాండినేవియా పద్ధతి ఆడవాళ్ల బ్రోచ్‌లు, లాకెట్లు ఐదు వందలకు పైగా తేలాయి. వాటిలో సముద్రం దాటి వచ్చినవీ ఉన్నాయి, నా దాని లాగా ఇంగ్లండులో చేసినవీ ఉన్నాయి. ఎక్కువగా నార్ఫోక్, లింకన్‌షైర్ వైపు దొరికినవే. చీర కొంగుకు పెట్టుకునే పిన్నీసు లాంటి వస్తువులు చరిత్ర పుస్తకాల్లో మాట మార్చేశాయి.

మార్చగలిగాయంటే ఒక్కటే కారణం: ఏది ఏ ఊరి పొలంలో దొరికిందో ఎవరో రాసిపెట్టారు. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ చేసే పని అదే. దొరికినదాన్ని తీసుకెళ్తే ఫొటో తీసి, తూచి, కొలిచి, ఊరి పేరుతో సహా నమోదు చేసి ఒక నంబరు ఇస్తారు. ఇప్పటికి పదిహేను లక్షలకు పైగా వస్తువులు అందులోకి ఎక్కాయి. ఎవరైనా ఇంటర్నెట్లో చూసుకోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక నేను సీరియల్ చూడను, ఇది చూస్తాను.

అందుకే అమ్మేవాళ్లను నేను మొదట అడిగేది ధర కాదు, ఎక్కడ దొరికిందని. ఈ మధ్య ఒకాయన చాలా అందమైన బ్రోచ్ ఫొటో పంపి, దొరికిన చోటు ‘యూరప్’ అని రాశాడు. ఇంకోసారి అడిగితే ధర తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను. చోటు తెలియని వస్తువు దొంగతనంగా తవ్వి తీసింది కావచ్చు, నిన్న పోత పోసిందీ కావచ్చు. ఒకవేళ నిజమైనదే అయినా, అది చెప్పగలిగే సగం మాట అప్పటికే పోయింది. ఇంగ్లండు నేలలో దొరికినదాన్ని దేశం దాటించాలంటే ఎగుమతి లైసెన్సు కూడా కావాలి. ఆ కాగితం వచ్చేదాకా నెలలు పట్టినా ఆగుతాను. తొందరేముంది, వెయ్యేళ్లు మట్టిలో ఆగింది కదా.

ఇంటికి వచ్చాక టెన్షన్ అంతా వానాకాలంతోనే. పాత రాగి లోహంలో మట్టి నుంచి వచ్చిన క్లోరైడ్లు (ఒక రకం ఉప్పులు) ఉండిపోతే, గాలిలో తేమ తగలగానే లేతాకుపచ్చ పొడి రాలడం మొదలవుతుంది. వదిలేస్తే వస్తువంతా తినేస్తుంది. అందుకని గాలి చొరబడని డబ్బాల్లో సిలికా జెల్ వేసి, తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, జులై నుంచి రోజూ చూసుకుంటాను. మా అత్తయ్య వాటిని చూసి, ‘చింతపండు పెట్టి తోమితే తళతళలాడతాయి కదమ్మా’ అంది. పూజ సామానుకు ఆవిడ చేసేది అదే. ఎందుకు తోమకూడదో చూపించడానికి ఇంకో బ్రోచ్ లెన్సు కింద పెట్టాను. పిన్ను ఇనుముది కాబట్టి నేలలో తుప్పు ముద్దయిపోయింది. ఆ ముద్దలో బట్ట నేత అచ్చు పడి ఉంది, పడుగూ పేకా లెక్కపెట్టుకోవచ్చు. అత్తయ్య చాలాసేపు చూసింది. ‘ఉన్నిదా?’ అని అడిగింది. స్వీడన్‌లోని బిర్కా సమాధుల్లో వైకింగుల బట్టల గురించి తెలిసింది కూడా ఎక్కువగా ఇలా నగలకు అంటుకుని మిగిలిన ముక్కల వల్లే.

ఇక గార్నెట్లనే ఎర్రరాళ్ల సంగతి. ఆరు, ఏడో శతాబ్దాల నాటి ఆంగ్లో-సాక్సన్ నగల్లో బంగారు గదులు కట్టి, అడుగున గళ్ల గళ్ల బంగారు రేకు పరిచి, పైన పల్చగా కోసిన ఎర్రరాయి పొదిగేవారు. వెలుతురు రాయిలోంచి దిగి, రేకు మీద పడి తిరిగి వస్తుంది. ఇంగ్లండులో 1939లో సట్టన్ హూలో, 2009లో స్టాఫోర్డ్‌షైర్‌లో బయటపడ్డవి ఆ పనికి పరాకాష్ఠ. ఆ కాలంలో యూరప్ నగల్లో వాడిన గార్నెట్లు చాలావరకు మన దేశం నుంచీ, శ్రీలంక నుంచీ వెళ్లినవని ప్రయోగశాలల్లో తేలింది. పుదుచ్చేరి పక్కన పాతకాలపు రేవు అరికమేడులో దొరికిన పాత గార్నెట్ పూసలను పరీక్షిస్తే, అవి మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట రాయితో సరిపోలాయి. తెలంగాణ గుట్ట మీది రాయి రేవు దాకా వెళ్లిందని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

గార్నెట్ పొదిగిన నగ నా దగ్గర లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అవి మ్యూజియంలో ఉండాల్సినవి. కానీ గరీబ్‌పేట గుట్ట చూడాలి. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భద్రాచలం రోడ్‌లో దిగొచ్చు. ఈ సంక్రాంతి సెలవుల్లో వెళ్దామంటే అత్తయ్య కూడా వస్తానంటోంది, రాములవారి దర్శనం కూడా అవుతుందని.