వాలు పెరడు, మెట్ల మడులు

పెరడు వాలుగా ఉందంటే చాలు, "మట్టి తోలించి చదును చేసెయ్" అని అందరూ చెప్పేవాళ్లే. నాకు మనసొప్పలేదు. వాలును అలాగే ఉంచి మెట్లు మెట్లుగా మడులు కట్టించాను.

మడుల అంచున మట్టిని ఆపడానికి గోడ కట్టాలి కదా, ఆ గోడ కన్నా దాని వెనక పనే ఎక్కువ. వానకు తడిసిన మట్టి బరువెక్కి గోడను ముందుకు తోస్తుంది. అందుకే వెనక కంకర నింపి, అడుగున నీళ్లు పోయే పైపు వేసి, గోడలో అక్కడక్కడా రంధ్రాలు వదిలించాం. ఎత్తు మాత్రం నడుము దాటనివ్వలేదు. అంతకు మించితే ఇంజినీర్‌ని అడగాల్సిందే.

గోడ లేని చోట వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు నాటాం. దాని వేళ్లు పక్కలకు పాకవు, 3 మీటర్ల లోతుకు కూడా దిగి మట్టిని పట్టేస్తాయి. లాన్ జోలికి పోలేదు. వాలు మీద గడ్డి కోసే మెషీన్ తోయడం ఎవరికి సరదా చెప్పండి!

తడి ఎప్పుడూ కిందికే చేరుతుంది కాబట్టి నీళ్లు కోరే మొక్కలు కింది మడిలో, ఎండకు ఓర్చేవి పైన.

ఇక మెట్ల దారి మిగిలింది. వంపులు తిప్పితే ఎక్కడం సులువని నా వాదన, ఇంట్లోవాళ్లకేమో దగ్గర దారే కావాలట. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.